జీడిపప్పు ఊళ్లో ఐదు రోజులు

మొదటి రోజు

విశాఖలో పొద్దున్న రైలెక్కితే పలాస చేరేసరికి భోజనాల వేళ అయింది. దాదాపు 200 కిలోమీటర్లు. నౌపడ దగ్గర ఉప్పు మడులు కనిపించాయి. మడుల్లో వంగి ఉన్నవాళ్లలో సగం మంది ఆడవాళ్లే. తలకు చీర కొంగు, కాళ్లకు ఏమీ లేదు. కిటికీలోంచి చూస్తే తెల్లగా, అందంగానే ఉంది. పక్కసీటు పెద్దాయన "ఫొటో తీసుకోండమ్మా, బావుంటది" అన్నాడు. తీశాను కూడా. తరువాత ఆ ఫొటో చూసుకుంటే అందులో మనుషులు చుక్కల్లా ఉన్నారు, ఉప్పే కనపడుతోంది.

పలాసలో మా చిన్నమ్మ కూతురు ఉంది. నాకు అక్క వరస. కాశీబుగ్గలో టీచరు. నేను రాజమండ్రి నుంచి వస్తానన్నప్పుడల్లా "మందస కోవా తిని వెళ్లిపోదువు గాని రా" అనేది. ఈసారి కోవా కోసం కాదు, జీడిపప్పు తీసే ఆడవాళ్లతో నాలుగు రోజులు ఉంటాను అన్నాను. ఒక్క నిమిషం మాట్లాడలేదు. "ఎండలు ముదిరిపోయాయే పిల్లా. సరే, వచ్చీ" అంది.

ఏప్రిల్ మొదటి వారం. జీడిపిక్కలు కోతకొచ్చే రోజులు. సాయంత్రం బజారుకు వెళ్తే వరసగా పప్పు దుకాణాలు. గుండు ఒక ధర, బద్ద ఒక ధర, నూక ఇంకో ధర. గుండులో మళ్లీ సైజులు. మా ఇంట్లో పాయసంలోకి ఎప్పుడూ బద్దే కొంటాం, చవక కనుక. ఆ బద్దకీ ఆ గుండుకీ మధ్య తేడా ఎవరి కూలిలోంచి పోతుందో మర్నాడు తెలిసింది.

రెండో రోజు

అక్క దగ్గర చదువుకున్న అబ్బాయి అమ్మ ఒక చిన్న జీడి పరిశ్రమలో పనిచేస్తుంది. ఆవిడ వెంట వెళ్లాను. పొద్దున్న నాలుగింటికే లేచి, కుళాయి దగ్గర నీళ్లు పట్టి, అన్నం కూర చేసి, ముసలత్తకు స్నానం చేయించి, అయిదున్నరకి బయలుదేరింది. "మీ ఆయన?" అన్నాను. గుజరాత్‌లో వేరావల్ దగ్గర బోటు మీద ఉన్నాడట. ఈ శ్రీకాకుళం జిల్లా మగవాళ్లు చాలామంది ఏడాదిలో ఎనిమిది నెలలు ఏదో ఒక సముద్రం మీదో, ఎవరి ఊళ్లోనో ఉంటారు. 2018లో ఇక్కడి జాలర్లు కొందరు పాకిస్థాన్ వాళ్లకు పట్టుబడి 2020 జనవరి దాకా జైల్లో ఉన్నారు. ఆ పద్నాలుగు నెలలూ ఇళ్లు నడిపింది వాళ్ల ఆడవాళ్లే. పేపర్లలో మాత్రం ఏడుస్తున్న ఫొటోలే వచ్చాయి.

షెడ్డులోకి వెళ్లగానే గొంతులో ఏదో గీరినట్టయింది. పిక్కల్ని ఆవిరిలో ఉడకబెట్టి ఆరబెడతారు. తరువాత కటింగ్. కాలితో తొక్కితే రెండు బ్లేడ్ల మధ్య పిక్క విచ్చుకుంటుంది, చేత్తో పప్పు లాగాలి. ఆ డొక్కలో ఉండే నూనె మామూలు నూనె కాదు. చర్మం మీద పడితే కాలుతుంది, నల్లబడుతుంది, పొరలు పొరలుగా ఊడుతుంది. కటింగ్ నుంచి పొట్టు తీసే గదికి వెళ్తే కాస్త నయం. అక్కడ కాలడం ఉండదు, కూర్చోవడమే. పొయ్యి వేడికి ఎండిన పప్పు మీది ఎర్ర పొరను చిన్న కత్తితో, గోటితో తీస్తారు. పప్పు విరగకూడదు. కిలోకింత అని కూలి. విరిగిన పప్పుకు లెక్క వేరు. ఎంతొస్తుందో నలుగురూ చెప్పారు. రాయొద్దన్నారు. "ఇన్ని డబ్బులని రాస్తే, సెప్పిందెవరో మేస్త్రీకి తెలిసిపోద్ది" అని. కనుక రాయడం లేదు.

నా పక్కన కూర్చున్న పెద్దామె చేతులు చాలాసేపు చూశాను. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నల్లగా, కాలిన పెనం అడుగులా ఉన్నాయి. వేలి కొసన గీతలు లేవు. నున్నగా ఉంది. ఆధార్ మిషన్ మీద వేలు పెడితే పడదట. "రేసన్ కాడ మూడు మాట్లు తుడవమంటాడమ్మా. తుడిసినా గీతలు ఎక్కడినించి వొస్తాయి?" అని నవ్వింది. పని మొదలుపెట్టే ముందు చేతులకు ఆముదం రాసుకుంటారు. గ్లవ్స్ ఇచ్చినా వేసుకోరని మేస్త్రీ ఫిర్యాదు. గ్లవ్స్ వేసుకుంటే వేలికి పప్పు తెలీదు, విరిగిపోతుంది, కూలి పోతుంది అని ఆమె లెక్క. ఇద్దరి మాటా నిజమే. నష్టం మాత్రం ఆమెకే.

ఇంతసేపూ ఎవరూ నీళ్లు తాగలేదు. మొదట నేను గమనించలేదు. నా సీసా రెండోసారి ఖాళీ అయినప్పుడు గమనించాను. రేకుల కప్పు కింద, పొయ్యి గది పక్కన, ఏప్రిల్ ఎండలో ముప్పై మంది ఆడవాళ్లు. మూలన కుండ ఉంది, మూత కూడా ఉంది. "తాగరేం?" అన్నాను.

"తాగితే ఎల్లాలి కదమ్మా."

మరుగుదొడ్డి ఒకటే. వెనక్కాల, మగవాళ్లు పిక్కల బస్తాలు దించే చోట. తలుపుకు లోపలి గడియ లేదు. ఒకరు వెళ్తే ఇంకొకరు కాపలా నిలబడాలి. అంటే ఇద్దరి పనీ ఆగుతుంది. బహిష్టు రోజుల్లో మధ్యలో గుడ్డ మార్చుకోవడం అనేదే లేదు. పొద్దున్న పెట్టుకున్నది సాయంత్రం ఇంటికెళ్లాకే. పొద్దున్న టీతో పాటు ఒక గ్లాసు, మధ్యాహ్నం అన్నం తిన్నాక సగం గ్లాసు. చేతి నూనె అన్నానికి అంటుకోకుండా కొందరు చెంచాతో తిన్నారు. "మంట ఉంటదా?" అని చిన్నగా అడిగితే, నలుగురూ ఒకేసారి తలలూపారు. మూత్రంలో మంట వాళ్లకు జ్వరం, దగ్గు లాంటిదే. వస్తుంది, పోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన జబ్బుల్లో అది లేదు.

మూడింటికి పెద్దామె కొంగు ముడి విప్పింది. అందులో మడతపెట్టిన పది రూపాయల నోటు, సెల్లు రీచార్జి చీటీ, సగం కత్తిరించిన బిళ్లల అట్ట. ఒకటి తీసి నీళ్లు లేకుండానే మింగేసింది. నడుం నొప్పి బిళ్ల. చీటీ లేకుండానే మందుల షాపువాడు ఇస్తాడు. రోజుకు ఒకటి, ఆదివారం వేసుకోదు. ఎన్నేళ్లుగా అంటే ఆలోచించి, "మా పెద్దోడి పెళ్లికి ముందునించీ" అంది. పెద్దోడికిప్పుడు ఇద్దరు పిల్లలు.

డైక్లోఫెనాక్ లాంటి ఈ నొప్పి మందులు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. ఇది ఏ ఊళ్లోనైనా ప్రమాదమే. కానీ నేను కూర్చున్నది కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం అంచున. రాత్రి అక్కతో ఆ బిళ్లల సంగతి చెప్తే, "మా స్కూల్లో వంటామె కూడా అదే వేసుకుంటది" అంది. కాసేపాగి, "నేనూ వేసుకుంటాను పిల్లా, పేపర్లు దిద్దే రోజుల్లో" అంది.

మూడో రోజు

వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరు. పేరు చెప్పను, చిన్న ఊరు. కాశీబుగ్గ నుంచి ఆటోలో వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరి, జీడి, పనస. ఉద్యానవనం అన్న మాటే నలిగి ఉద్దానం అయిందంటారు. నమ్మబుద్ధి అవుతుంది. కాకపోతే మధ్యమధ్యలో తోటలకు వయసు తేడా తెలుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఇక్కడే తీరం దాటింది. ముదురు చెట్లు చాలావరకు ఆ రాత్రి పడిపోయాయి, లేతవి తరువాత నాటినవి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు. ఆ ఆరేడేళ్లూ చెట్టు మీద బతికినవాళ్లు కూలికి వెళ్లారు. ఆడవాళ్లు జీడి షెడ్లకు వెళ్లారు. నిన్న చూసిన ముప్పై మందిలో కొందరు అలా వచ్చినవాళ్లేనట.

ఊళ్లో ఆశా కార్యకర్తతో తిరిగాను. అందరూ ఆమెను అప్పా అంటారు, అంటే అక్కా అని. నేనూ అప్పా అన్నాను. ఆమెకు గడపగడపకీ ఒక అంకె గుర్తు. ఇంటి పేరు చెప్పినట్టే "ఇది రెండు పాయింట్ ఎనిమిది", "అది ఆరు దాటీసింది, డయాలసిస్" అంటుంది. క్రియాటినిన్. రక్తంలో ఉండే వ్యర్థం, కిడ్నీ చెడేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. ఇంగ్లిష్ అక్షరం రానివాళ్లు కూడా ఉద్దానంలో ఆ మాట తడబడకుండా పలుకుతారు.

ఇక్కడి కిడ్నీ జబ్బును మొదట గట్టిగా పట్టించుకున్నవాళ్లలో విశాఖ నెఫ్రాలజిస్టు డాక్టర్ రవిరాజు ఒకరు. ఇరవై ఏళ్లకు పైగా ఎన్నో బృందాలు వచ్చాయి, నీళ్లు తీసుకెళ్లాయి, మట్టి తీసుకెళ్లాయి, రక్తం తీసుకెళ్లాయి. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండదెబ్బ అన్నారు, నొప్పి బిళ్లలన్నారు, వంశంలో ఉందన్నారు. ఇదీ కారణం అని ఒక్కదాన్ని తేల్చలేకపోయారు. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తుంది. మొదట్లో కాళ్ల వాపు ఉండదు, మూత్రంలో నురగ ఉండదు, నొప్పి ఉండదు. శ్రీలంకలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ ఎక్కువగా మగవాళ్లకు. ఇక్కడ ఆడవాళ్లు తక్కువేం కాదు.

ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాల రక్తపరీక్ష చీటీలు రెండూ ఒకే పాలిథీన్ కవర్లో ఉన్నాయి. ఇద్దరికీ 1.2. "ఇద్దరికీ ఒకటే, పర్వానేదు" అంది ఆమె. నాకు అది చూసి కడుపులో ఎలాగో అయింది. క్రియాటినిన్ కండరం నుంచి వస్తుంది. కండ ఉన్న మగమనిషికి 1.2 అంటే చాలాసార్లు మామూలే. నలభై కిలోలున్న యాభై ఏళ్ల ఆడమనిషికి అదే 1.2 అంటే కిడ్నీ వడపోత నిమిషానికి 60 మిల్లీలీటర్ల లోపుకు పడిపోయిందని అర్థం. అంటే జబ్బు మొదలై ఉండొచ్చు. చీటీ మీద మాత్రం అచ్చులో "మామూలు పరిధి" అని 0.6 నుంచి 1.3 దాకా ఇద్దరికీ ఒకటే ఉంది. ఏ ల్యాబో చెప్పను. కానీ ఒకే కొలతలో ఇద్దరినీ కొలవడం ఎంత తేలికో ఆ కాగితం చూస్తే తెలుస్తుంది. అప్పకు చూపిస్తే ఆమెకు సంగతి తెలుసు. "ఈమెని మూడు నెలలకోపాలి పంపుతాను. రాదు. ఆయన్ని పంపుద్ది" అంది.

"ఆయన పని సేసే మనిషి కదా" అని ఇంటావిడ సమాధానం. అప్పుడామె చేతిలో చీపురు ఉంది, చంకలో మనవరాలుంది.

ఇంకో మాట అప్ప చెప్పింది, అదీ రాసుకున్నాను. నీరసం, ఆయాసం అని ఆడవాళ్లు వస్తే రక్తం తక్కువని ఐరన్ బిళ్లలు ఇచ్చి పంపేస్తారు. తప్పని కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో లెక్కేస్తే ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. వందలో దాదాపు యాభై తొమ్మిది మందికి ఉన్నది జబ్బులా కనపడదు, ఆడతనంలా కనపడుతుంది. కానీ కిడ్నీ చెడినా రక్తం పడిపోతుంది. ఎముక మజ్జకు రక్తం తయారుచేయమని చెప్పే హార్మోను కిడ్నీలోనే పుడుతుంది. దాంతో ఐరన్ బిళ్ల వేసుకుంటూనే రెండేళ్లు గడిచిపోతాయి. అలా తన సొంత వదిననే ఆలస్యంగా గుర్తించానని చెప్పి అప్ప మాట మార్చేసింది.

నీళ్ల సంగతి. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో ఉద్దానానికి నీళ్లు తెచ్చే పథకం వచ్చింది, 700 కోట్లది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న తెరిచారు. ఈ రెండూ చిన్న విషయాలు కావు. పదేళ్ల కింద డయాలసిస్‌కి విశాఖ వెళ్లి వచ్చేవాళ్ల ఖర్చు తలచుకుంటే తెలుస్తుంది. అయినా ఊళ్లో నేలనీళ్ల మీద భయం పోలేదు, టిన్ను నీళ్లు కొంటూనే ఉన్నారు. ఇరవై లీటర్ల టిన్ను నడుం మీద పెట్టుకుని ఒక కోడలు ఎదురొచ్చింది. ఈ నీళ్లు ఎవరు తాగుతారని అడిగాను. "పిల్లలికి, ఆయనకి, మాయ్యకి. మాకు బోరుదే అలవాటైపోనాది."

ఈ ఊళ్లకు పిల్లనివ్వడానికి బయటివాళ్లు జంకుతారు. ఇక్కడి పిల్లను చేసుకోవడానికీ జంకుతారు. ఒకమ్మాయి డిగ్రీ చదువుతోంది, టెస్టు చేయించుకోనంది. "చేయించుకుని బాగుందని వస్తే ఎవరూ నమ్మరు, బాలేదని వస్తే అందరూ నమ్ముతారు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

నాలుగో రోజు

సోంపేట వైపు. ఎండ నా వల్ల కాలేదు, మధ్యాహ్నం వరకు బారువ ఒడ్డున ఒక అరుగు మీద పడుకున్నాను. రాసేవాళ్లు ఇలాంటివి దాచేస్తారు.

సాయంత్రం బీల చూశాను. నీళ్లు నిలిచిన పల్లపు నేల, గడ్డి, కొంగలు. ఇక్కడ థర్మల్ ప్లాంటు కడతామంటే జనం అడ్డుపడ్డారు. 2010 జులై 14న కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. ఆ రోజు కర్రలు పట్టుకుని ముందు వరసలో ఉన్నానని ఒకావిడ చెప్పింది. ఇప్పుడు కొబ్బరి పీచు దగ్గర కూలి. పీచు దుమ్ములో దగ్గుతూ చెప్పింది. "అప్పుడు లాఠీ తగిలిన భుజం ఇప్పుడూ లాగుద్ది. సంచి తీయించీసాక ఇంకా ఎక్కువ."

సంచి అంటే గర్భసంచి. ముప్పై నాలుగేళ్లకే తీయించుకుంది. తెల్లబట్ట, నడుం నొప్పి అని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, ఉంచితే క్యాన్సర్ అవుతుందని భయపెట్టారట. అక్కడున్న ఆరుగురిలో ఇద్దరిది ఇదే కథ. దేశం మొత్తం మీద 49 ఏళ్లలోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి ముగ్గురు. మన ఆంధ్రలో దగ్గర దగ్గర తొమ్మిది మంది. నిజంగా అవసరమైనవాళ్లూ ఉంటారు. కానీ ఈవిడ తనంతట తానే చెప్పిన కారణం వేరు: "నెలనెలా ఆ మూడు రోజుల కూలి పోకుండా ఉంటదని నేనే సరే అన్నాను." వైద్యుడు భయపెట్టడం ఒక ఎత్తు, ఈ లెక్క ఒక ఎత్తు. రాత్రి నిద్ర పట్టలేదు. కొంత ఎండదెబ్బ కూడా అనుకోండి.

అయిదో రోజు

తిరుగు రైలు సాయంత్రం. పొద్దున్న అప్ప ఫోన్ చేసి, మా ఊరామె డయాలసిస్‌కి వస్తోంది, కలుస్తావా అంది. కేంద్రం బయట వేపచెట్టు కింద అత్తా కోడళ్లు కూర్చుని ఉన్నారు. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. ప్రభుత్వం డయాలసిస్ వాళ్లకు ఇచ్చే 10 వేల పింఛనే ఇప్పుడా ఇంటి పెద్ద ఆదాయం. దాంతో ఇల్లు నడుస్తుంది. కోడలు మాత్రం వచ్చిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోగొట్టుకుంటుంది. మగమనిషికి డయాలసిస్ అయితే పెళ్లాం వెంట వస్తుంది. ఆడమనిషికి అయితే కోడలో కూతురో. నేను కూర్చున్న గంటన్నరలో పెళ్లానికి తోడొచ్చిన మొగుడు ఒక్కడే కనిపించాడు. ఉన్నాడని కూడా రాయాలి. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే నడిచాడు.

అత్త చేతి మీద ఫిస్టులా, డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపిన చోటు, ఉబ్బి ఉంది. ముట్టుకోమంది. ముట్టుకుంటే చర్మం కింద గిరగిరా తిరుగుతున్నట్టు కొట్టుకుంటోంది. ఆవిడ కూడా ఇరవై రెండేళ్లు జీడిపప్పు తీసింది. ఆ రెండు వేళ్లూ అలాగే నల్లగా ఉన్నాయి. పక్కన ఒక అర లీటరు కూల్‌డ్రింకు సీసాలో మంచినీళ్లు. సీసా మీద బాల్‌పెన్నుతో మూడు గీతలు.

"ఇదేటి అత్తా?"

"ఇయాల్టికి ఇదే." కోడలు గీసిన గీతలు. పొద్దున్నకి ఇక్కడిదాకా, మద్దేనం ఇక్కడిదాకా, రాత్రికి మిగిలింది. ఒంటేలు ఆగిపోయిన మనిషి అంతకు మించి తాగితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. "పనిలో ఉన్నన్నాళ్లూ దాహమే తెలీలేదు పిల్లా. ఇప్పుడు కలలో కూడా కుండ కనపడతాది" అంది. నవ్వుతూనే అంది. కోడలు నవ్వలేదు.

లోపలి నుంచి పేరు పిలిచారు. ఆవిడ లేస్తూ సీసా నా చేతికిచ్చింది, పట్టుకోమని. కోడలు వెంట వెళ్లి, మిషను పెట్టేదాకా ఉండి, పావుగంటకి వచ్చింది. వచ్చి, నా పక్కన కూర్చుని, సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. నీళ్లు మొదటి గీతకు ఇంకా వేలెడు పైనే ఉన్నాయి. మూత బిగించి సంచిలో పెట్టింది. తనకు దాహంగా ఉందేమోనని నా సీసా ఇవ్వబోయాను. "వొద్దక్కా, ఇక్కడ బాత్రూం బావోదు" అంది.